తగ్గుతూ వచ్చిన కూర

ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమాస్టర్‌కి పెద్ద పేరుంది. కూర తగ్గించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని. తగ్గించడమంటే గిన్నెలో కూర తగ్గించడం కాదండోయ్! ఆ పని చేస్తే పనివాళ్ళు గరిటె లాక్కుని తరుముతారు. కూరకయ్యే ఖర్చు తగ్గించడం. గిన్నె నిండుగా కనబడాలి, తిన్నవాడు బ్రేవుమనాలి, కాంట్రాక్టరు జేబులోంచి మాత్రం నిన్నటికంటే తక్కువ కదలాలి. చెప్పినంత తేలిక కాదది. ఎంతమంది వంటవాళ్ళు ఆ పనిలో చేతులు కాల్చుకుని ఇంటిదారి పట్టారో లెక్కలేదు. మన మాస్టర్‌కి మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య. అన్నట్టు, కూరలోంచి ఆయన ముందుగా తీసేసేది కూడా ఆ వెన్నే.

ఆయనకో పద్ధతి ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. వెన్న తీసేసి నూనె పోశావనుకో, ఇక కొన్నాళ్ళపాటు ఇంకేదీ ముట్టుకోకూడదు. తినేవాళ్ళ నాలుక ఆ నూనెకి అలవాటు పడాలి. పడ్డాక టమాటాలు సగం మానేసి డబ్బాలో దొరికే టమాటా ముద్ద కలపాలి. మళ్ళీ ఆగాలి. ఆ తర్వాత మాంసం ముక్కలు చిన్నవి చేసి, అదే సైజులో బంగాళాదుంప ముక్కలు కోసి వాటి మధ్యలోకి తోసెయ్యాలి. ఇలా మెల్లగా దింపుకుంటూ పోతే కొన్నాళ్ళకి కూర సగం ఖర్చుకి దిగుతుంది, తినేవాడు మాత్రం ఎప్పటి కూరే అనుకుంటూ తింటాడు. "నాలుకకి నిన్న తిన్నదే గుర్తుంటుందిరా, మొన్నటిది గుర్తుండదు," అని తన కింద పనిచేసేవాళ్ళకి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. అదేదో జనానికి రోగం కుదిర్చే మందు కనిపెట్టినట్టు వెలిగిపోయేది.

తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కూడా ఆయనకి తెలుసు. కూర నిజంగా నచ్చినవాడు మాట్లాడడు, తింటాడు. అడక్కుండానే "బాగుంది మాస్టారూ" అనేసి ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాపాడంటే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట. వెంటనే ఒక మెట్టు వెనక్కి వెయ్యాలి.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కడే కూర్చుని తింటాడు. ఇస్త్రీ దుకాణం మీద రెండు గదులు, ఎక్కడానికి బయటినుంచి ఇనప మెట్లు. కింద ఇస్త్రీ పెట్టెలు వేడెక్కితే తడి బట్టల ఆవిరి పైన వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది. భార్య జ్వరమొచ్చి పోయి కొన్నేళ్ళయింది. ఉన్న ఒక్క కూతురికీ కళ్ళజోళ్ళ కంపెనీలో అద్దాలు అరగదీసే ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయింది. వస్తా వస్తా అంటుంది, సెలవు దొరకదు. ఫోన్లో "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నాను తల్లీ" అంటాడు. ఏం తిన్నావని ఆ పిల్ల అడగదు, ఈయన చెప్పడు.

ఆ ఇంట్లో ఒకటే గొప్ప వంట. ఆదివారం కూర. దానికి వేరే పేరేం లేదు. ఎముకతో ఉన్న మాంసం, బోలెడన్ని ఉల్లిపాయలు, పండిన టమాటాలు, వెన్న, చివర్లో బాదంపప్పు నూరిన ముద్ద. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నందాకా సన్న సెగ మీద ఉడుకుతూనే ఉండేది. వండేది భార్య. వారమంతా వందలమందికి వండే మాస్టర్‌కి ఆ రోజు వంటింట్లోకి ప్రవేశం లేదు. "ఇవాళైనా చేతులు కడుక్కుని కుదురుగా కూర్చోండి. నా గిన్నెలో మీ గరిటె పడితే ఊరుకోను," అని తరిమేసేది. సరేనని బల్ల ముందు కూర్చునేవాడు కానీ, నోరు ఊరుకుంటుందా! మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పెద్ద పరీక్షాధికారిలా "ఊఁ... బాదం ఇవాళ సరిగ్గా పడింది. పాకం తెలిసిన చెయ్యి," అనేవాడు. అవతల తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కసారిగా దగ్గేవాళ్ళు. ఈ ఇంట్లో ఆవిరి ఎక్కువ, వీళ్ళకి పడదు అనుకునేవాడు.

భార్య పోయాక ఆ కూర ఆయన చేతికొచ్చింది. ఆవిడ వేసినవన్నీ వేసేవాడు, ఆవిడ పెట్టినంత సెగ పెట్టేవాడు. బాదం నూరడం మాత్రం ముందునుంచీ కూతురి పనే, అదలాగే ఉండిపోయింది. కూర బాగానే కుదిరేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మూడో కుర్చీ వైపు చూడకుండా తినేవాళ్ళు.

కూతురు వెళ్ళిపోయాక వచ్చిన మొదటి ఆదివారం, బాదం కూడా తనే నూరుకుని ఒక్కడూ వండుకున్నాడు. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. ఏదో తియ్యదనం తప్ప ఇంకేం లేదు. ఉప్పు చూశాడు, సరిపోయింది. కారం చూశాడు, సరిపోయింది. ఎదురుగా ఉన్న రెండు ఖాళీ కుర్చీల వైపు చూసి, ఇంట్లో మనుషులే లేరు, ఇక రుచి ఎక్కడినుంచి వస్తుందిలే అనుకున్నాడు. ఆ మాట అనుకోగానే దుఃఖం ముంచుకొచ్చింది. కంచం ముందు కూర్చుని కాసేపు ఏడ్చాడు కూడా. పైన ఎవరున్నారని, చూడటానికి!

మానెయ్యొచ్చు కదా అంటారేమో. మానేస్తే ఆదివారం ఏం చెయ్యాలి? అంత పొడుగు రోజుని ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని వండటం మానలేదు. కానీ రుచే తెలియని కూరకి, అదీ ఒక్కడి కోసం, ఇంత ఖర్చెందుకని ఆయనలోని మాస్టర్ అడిగాడు. ముందు బాదం మానేసి పిండి కలిపాడు. కొన్నాళ్ళాగి వెన్న తీశాడు. ఎముక మాంసం పోయి అంచుల్లో మిగిలిన తుక్కు ముక్కలొచ్చాయి, వాటి పక్కన దుంపలు చేరాయి. టమాటాలు పోయి క్యాంటీన్లో వాడే డబ్బా ముద్ద వచ్చింది. గ్యాసు దండగని సన్న సెగ కూడా మానేసి కుక్కర్లో పడేశాడు. ప్రతిసారీ తిని చూసుకునేవాడు. తేడా తెలిసేది కాదు. చివరికి అది మాంసం వాసన చూసిన దుంపల కూరైంది, ఆయనకి మాత్రం సాక్షాత్తూ భార్య చేతి కూరే. ఇంత గొప్పగా ఏ క్యాంటీన్లోనూ తగ్గించలేదు తను! ఒంటరితనంలో అదొక్కటే ఆయనకి మిగిలిన సంబరం. మరి ఎవరితో చెప్పుకోవాలి? క్యాంటీన్లో చెప్తే ఇంట్లో కూడా ఇదేనా అని నవ్వుతారు. గోడకి చెప్తే గోడ ముక్కున వేలేసుకోదు. కూతురొచ్చినప్పుడు చెప్పాలని దాచుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. "మూడు రోజులు సెలవిచ్చారు నాన్నా. ఆదివారం పొద్దున దిగుతా. అమ్మ కూర చేసిపెట్టు. అక్కడ కలలోకొస్తోంది," అంది ఫోన్లో. మాస్టర్‌కి కాళ్ళు నేల మీద నిలవలేదు. మంచి మాంసం తెచ్చి వండుదామని ఒక మనసు అంది. ఛ, ఈ తగ్గించిన కూరే పెడతా, లొట్టలేసుకుంటూ తింటుంది, అప్పుడు అసలు సంగతి చెప్పి నోరెళ్ళబెట్టేలా చేస్తా అని ఇంకో మనసు అంది. ఆయన ఆ రెండో మనసు మాటే విన్నాడు. ఏం మనిషండీ! కన్నకూతురు అంత దూరం నుంచి తల్లి కూర కోసం వస్తుంటే ఎవరైనా ఇలా చేస్తారా? కానీ ఏడాదికి పైగా ఒక మంచి మాట చెప్పుకోవడానికి మనిషి దొరకనివాడికి ఆ ఆత్రం ఎలా ఉంటుందో మనకేం తెలుసు.

కూతురు మెట్లెక్కి వచ్చి ఆయన్ని చూసి బ్యాగు కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"ఏంటి నాన్నా, సగమైపోయావు?"

"నువ్వు రెండింతలైనట్టు మాట్లాడతావేంటే! వెళ్ళి కాళ్ళు కడుక్కో. ఆకలితో ఉన్నావు, నీకలాగే కనిపిస్తుంది."

పై అరలోంచి పాత కంచాలు దించి తోమి పెట్టాడు. కూతుర్ని కూర్చోబెట్టి అన్నం పెట్టి, కూర వడ్డించి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి ముద్ద ఆ పిల్ల ఆత్రంగా పెట్టుకుంది. నమలడం నెమ్మదించింది. రెండో ముద్ద ఇంకా చిన్నగా కలిపింది.

"బాగుంది నాన్నా," అంది. చెయ్యి ఉప్పు డబ్బా మీదకి వెళ్ళింది.

మాస్టర్ కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"ఏమైందే?"

"ఏం కాలేదు. బాగుంది."

"బాగుంటే ఉప్పెందుకు? నా దగ్గరా నీ నాటకాలు? ఎంతమంది కంచాలు చూశాను నేను!"

పిల్ల ఉప్పు డబ్బా పక్కకి జరిపింది. తర్వాత తల దించుకునే చెప్పింది. "ఇది మన కూర కాదు నాన్నా. ఏం వేశావ్ ఇందులో?"

దాచుకున్న గొప్పంతా చెప్పే సమయం అదే. చెప్పాడు కూడా. బాదానికి పిండి, వెన్నకి నూనె, టమాటాకి డబ్బా, మాంసానికి దుంపలు. చెప్తున్నకొద్దీ గొంతు సన్నబడింది. అనుకున్నప్పుడు ఎంత బాగుందో, ఆ పిల్ల కళ్ళ ముందు చెప్తుంటే అంత దరిద్రంగా వినిపించింది. కూతురు లేచి అలమర తలుపు తీసింది. ముద్ద డబ్బా, పిండి డబ్బా, ఒక గ్లాసు, ఒక కంచం. మిగతా అరలన్నీ తుడిచిపెట్టినట్టున్నాయి.

"ఇన్నాళ్ళూ ఇదా నువ్వు తింటున్నది?"

"రోజూ కాదే. ఆదివారాలే. మిగతా రోజులు క్యాంటీన్ తిండేగా."

"నేను పంపిన డబ్బులేం చేశావు?"

"ఉన్నాయి. ఎక్కడికి పోతాయి? అయినా ఒక్కడికి ఎంత కావాలని!"

ఆ మాటకి పిల్లకి ఏడుపు ఆగలేదు. కూర సంగతి పక్కకి పోయింది. మాస్టర్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కూతురి నెత్తి మీద చెయ్యి వెయ్యబోయి, అది పెద్దదైపోయిందని గుర్తొచ్చి, భుజం మీద తట్టాడు. "రేపు చేస్తాను. అచ్చంగా మీ అమ్మ చేసినట్టే చేస్తాను. నేను దింపినవే కదా, ఒక్కోటీ మళ్ళీ ఎక్కిస్తాను. అదేం బ్రహ్మవిద్యా?" అన్నాడు.

సోమవారం క్యాంటీన్‌కి సెలవు పెట్టాడు. మాంసం కొట్టు ఆయన ఈయన్ని చూసి కత్తి పక్కన పెట్టేశాడు. "ఏంటి మాస్టారూ, దారి తప్పొచ్చారా? తుక్కు ముక్కలు ఇంకా తీసిపెట్టలేదే!"

"తుక్కు నీ దగ్గరే ఉంచుకో. ఎముకతో ఇవ్వు. మా అమ్మాయొచ్చింది."

"అదీ సంగతి!" అని ఆయన మంచి ముక్కలే కొట్టిచ్చాడు. వెన్న కొన్నాడు, మెత్తగా పండిన టమాటాలు ఏరుకున్నాడు, బాదం కొన్నాడు. సంచీ బరువుగా మోసుకుంటూ ఇనప మెట్లెక్కుతుంటే చాలా రోజుల తర్వాత ఇల్లు ఇల్లులా అనిపించింది. సన్న సెగ మీద పెట్టి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. నానబెట్టిన బాదం చూసి కూతురు ఏదో అనబోయింది. ఆయన హడావిడి చూసి ఊరుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ కూర్చున్నారు. మాస్టర్‌కి ముద్ద దిగడం కష్టమైంది. మరీ జిడ్డుగా, మరీ బరువుగా ఉంది. చాలాకాలమైంది కదా అందుకేలే అనుకున్నాడు. తన కంచం వదిలేసి కూతురి మొహమే చూస్తున్నాడు. పిల్ల నిన్నటికంటే బాగా తింది. ఉప్పు అడగలేదు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఊఁ? చెప్పు, చెప్పు. మీ అమ్మే దిగొచ్చిందా?"

"చాలా బాగుంది నాన్నా. ఒట్టు. కానీ..."

"కానీ?"

"అమ్మ కూర కాదు."

ఈసారి కోప్పడలేదాయన. గరిటె గిన్నెలో పెట్టేసి కూలబడ్డాడు. "అయితే పోయినట్టే," అన్నాడు. "అన్నీ వేశానే. ఇంకేం మిగల్లేదు వెయ్యడానికి. ఆవిడ చీరలిచ్చేశాం, చెప్పులు పారేశాం. ఆవిడదంటూ ఈ ఇంట్లో ఉన్నది ఈ కూర ఒక్కటే. దాన్ని కూడా నేనే తగ్గించి తగ్గించి పోగొట్టేశాను. నాకెందుకొచ్చిన తెలివే ఇది? ఎవడడిగాడు నన్ను?"

తండ్రి అలా బేలగా మాట్లాడటం కూతురు ఎప్పుడూ చూడలేదు. దాని మొహంలో ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నువ్వు పోగొట్టలేదు నాన్నా. అమ్మ కూరలో అసలు బాదమే ఉండదు."

"ఏంటీ?"

"బాదం ఉండదు. ఎండిపోయిన బ్రెడ్డు. పొయ్యి మంట మీద నల్లగా కాల్చి, నానబెట్టి, నూరి వేసేది. నూరింది నేనే కదా, నాకు తెలీదా?"

మాస్టర్ గిన్నెలో కూర వైపూ కూతురి వైపూ మార్చి మార్చి చూశాడు. వందల కంచాలు చదివిన మనిషి! తలపండిన పనివాళ్ళ చెవుల్లోనే పువ్వులు పెట్టిన మనిషి! ఆయన చెవిలో ఆవిడ పెట్టిన పువ్వు ఇన్నేళ్ళూ వాడిపోకుండా ఉందన్నమాట.

"ఎప్పట్నుంచి?"

"నీకు పని పోయి ఇంట్లో ఉన్నావు చూడు, నా చిన్నప్పుడు. అప్పట్నుంచి."

ఆయనకి గుర్తొచ్చింది. పాత క్యాంటీన్ మూసేసిన ఏడాది. అప్పుడు ఆయన కోపం ముక్కు మీదే ఉండేది. కంచంలో ఏది తగ్గినట్టు కనిపించినా, నా చేతకానితనం నాకు గుర్తుచేస్తున్నారా అని లేచి వెళ్ళిపోయేవాడు. ఆదివారం కూర మాత్రం తగ్గలేదు. అదొక్కటి చూసుకునే ఇంకా తను ఇంటి పెద్దనని ధైర్యంగా ఉండేవాడు.

"నీకు తెలిస్తే తినవని చెప్పొద్దంది," అంది కూతురు. "ఎలా మార్చాలో కూడా నీ దగ్గరే నేర్చుకుంది. నువ్వు రోజూ అన్నం తింటూ చెప్పేవాడివి కదా, ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి ఆగాలి అని. అమ్మ ఊఁ కొడుతూ వినేది. ముందు బాదంలో ఒక బ్రెడ్డు ముక్క కలిపింది. తర్వాత రెండు. అలా అలా బాదం మొత్తం పోయింది. నువ్వేమో బాదం సరిగ్గా పడిందనేవాడివి. మేం చచ్చేవాళ్ళం నవ్వాపుకోలేక."

"మరి నాకు పని దొరికాక? నేను మళ్ళీ బాదం తెచ్చేవాణ్ణే!"

"తెచ్చేవాడివి. ఒకసారి నిజంగానే వేసింది కూడా. నేను తినలేదు. బ్రెడ్డుదే కావాలని మారాం చేశాను. అందుకని కూరలో బ్రెడ్డు వేసి, బాదం నా స్కూలు సంచీలో పోసేది."

"ఓసి దొంగా! ఆ బాదమంతా నువ్వు బొక్కావా?"

"అమ్మ పోయాక కూడా బొక్కాను. నువ్వు తెచ్చేవాడివి, నేను బ్రెడ్డు నూరేదాన్ని. చెప్పొద్దంది కదా, చెప్పలేదు."

మాస్టర్ నవ్వాడు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని. ఆ గదిలో అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళైందో. నవ్వుతూ నవ్వుతూ, కూతురు వెళ్ళాక వచ్చిన ఆ మొదటి ఆదివారం గుర్తొచ్చింది. చప్పటి కూర ముందు కూర్చుని, మనుషులు లేక రుచి పోయిందని ఏడ్చింది గుర్తొచ్చింది. మనుషులు లేకపోవడం నిజమే. అందులో కాల్చిన బ్రెడ్డు లేకపోవడం కూడా నిజమే. నవ్వు ఎక్కడాగిందో తెలియలేదు. ఇప్పుడు ఆవిడ ఎదురుగా ఉండాలి. ఏమేవ్, ఇంత మోసమా అని నిలదియ్యాలి. ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాలి. నీ ముందు నా విద్య ఎందుకూ పనికిరాదే, ఓడిపోయాను అని ఒప్పుకోవాలి. ఆయన జీవితంలో ఓడిపోవడానికి ఇంత సరదా పడింది ఇప్పుడే. ఒప్పుకుందామంటే మనిషి లేదు.

"రేపు నేను చేస్తాను," అంది కూతురు. "నా బస్సు సాయంత్రం కదా. మధ్యాహ్నానికి అయిపోతుంది. నువ్వు చేతులు కడుక్కుని కూర్చో, చాలు."

మంగళవారం పొద్దున వంటిల్లు ఆ పిల్లది. మాస్టర్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాడు. బేకరీలో అడిగి తెచ్చిన పాత బ్రెడ్డు ముక్కల్ని పట్టకారుతో మంట మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి బొగ్గులా చేసింది. మాడిపోతోందే అని ఆయన లేవబోతే, కూర్చోమని చేత్తోనే సైగ చేసింది. పైపైన గీకి, నీళ్ళలో వేసి పిండి, నూరి ముద్ద చేసింది. ముద్ద గిన్నెలో పడగానే గదంతా కమురు వాసన పట్టింది. కూతురు కళ్ళు పెద్దవయ్యాయి.

"వచ్చేసింది నాన్నా! వాసన చూడు. వచ్చేసింది!"

ఆయన గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏదో మాడిన వాసన. అంతే. తింటే తెలుస్తుందిలే అనుకున్నాడు.

అన్నం వడ్డించి ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల మొదటి ముద్ద పెట్టుకుంది. ఇక మాట్లాడలేదు. కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదకి కారుతున్నా తుడుచుకోకుండా నములుతోంది. ఎదిగిన మొహమంతా కరిగి ఎప్పటిదో చిన్నపిల్ల మొహం బయటికొచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తల్లి పక్కన ఉందని, ఆ సంతోషం తల్లి దగ్గర ఉన్నవాళ్ళకి తప్ప రాదని మాస్టర్‌కి అర్థమైంది. ఆయన కూడా ఆత్రంగా ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. ఆగాడు. కళ్ళు మూసుకుని చూశాడు. ఇంకో ముద్ద పెట్టుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. చిక్కగా ఉంది, పొగ వాసనగా ఉంది, మంచి కూరే. కానీ అది ఎవరిదో. ఎప్పుడూ తినని కూర. భార్య ఆ గదిలోకి వచ్చిందంటే వచ్చింది, కూతురి పక్కనే కూర్చుంది, ఆయన వైపు మాత్రం చూడలేదు. ఇన్ని ఆదివారాలు మెట్టు మెట్టుగా దిగి, ఆయన నాలుక ఆ డబ్బా ముద్ద దగ్గరే ఉండిపోయింది. పైన ఏముండేదో దానికి గుర్తులేదు. మూడో ముద్ద కూడా కలిపి తిన్నాడు. ఎంత వెతికినా ఆవిడ దొరకలేదు.

"తెలిసిందా నాన్నా?" కూతురు కళ్ళు తెరిచి అడిగింది. తడి కళ్ళతోనే నవ్వుతోంది. "అదే కదా? అమ్మదే కదా?"

మాస్టర్ కంచం ముందుకి జరిపాడు. నవ్వాడు.

"అదే తల్లీ," అన్నాడు. "తెలియకపోవడమేంటి? మీ అమ్మదే. ఇంకొంచెం వెయ్యి."